ధర్మపురిలో మూడు రోజులు

ధర్మపురి అనగానే మన చదువరులలో చాలామందికి గోదావరి ఒడ్డున వున్న నరసింహస్వామి క్షేత్రం గుర్తుకు వస్తుంది. మేము సంక్రాంతికి ముందు వెళ్ళి వచ్చినది ఆ ధర్మపురికి కాదు. సేలం నుంచి బెంగుళూరు పోయే రహదారిలో, తొప్పూరు కనుమ యెక్కిన తరువాత వచ్చే ధర్మపురికి. మా సేలం నుంచి 65 కిలోమీటర్లు మాత్రమే. దగ్గర వూరే కదా అని యేడేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చాము. కాశీకి పోయి వచ్చిన వాళ్ళం, పక్క జిల్లాలో వున్న పెద్దమ్మను చూడడానికి తీరిక చిక్కలేదు. గుమాస్తా సెలవుల సంగతి మీకు చెప్పనక్కరలేదు.

యీసారి వెళ్ళక తప్పని కారణం వొకటి వచ్చింది. పెద్దమ్మ వొంటరిది. మా చిన్నపాపకు యేడేళ్ళు. "దీన్ని వొక యేడాది నా దగ్గర వుంచండి నాయనా, బడి పక్క వీధిలోనే వుంది, నాకూ తోడుగా వుంటుంది" అని మూడుసార్లు కబురు చేసింది. కాదనడానికి నోరు రాలేదు. అవుననడానికి ధైర్యం చాలలేదు. యెందుకు చాలలేదో ముందు ముందు తెలుస్తుంది.

వూరు పాతది. తగడూరు అని పూర్వనామం. దీర్ఘాయువు యిచ్చే ఉసిరికాయ దొరికితే తాను తినక అవ్వైయార్‌కు యిచ్చిన అదియమాన్ యీ సీమ ప్రభువే. మన పిల్లలంతా తమిళ బడిలో చదువుకున్న కథే యిది. 1792లో టిప్పు సుల్తాను బారామహల్ సీమను కుంపిణీవారికి వదులుకొన్న తరువాత థామస్ మన్రో శిస్తు లెక్కలు తేల్చే పనిమీద కొన్నేళ్ళు యిక్కడ వున్నాడు. ఆ మన్రోనే తరువాత దత్తమండలాలకు కలెక్టరై, చివరకు 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. పొలం పొలమూ కొలిపించి పుస్తకాల కెక్కించిన మనిషి గనుక, గుమాస్తాలమైన మాకు ఆయన మీద కాస్త అభిమానం. 1965 అక్టోబరు 2న సేలం జిల్లా నుంచి ధర్మపురి విడిపోయింది. 2004లో దీనిలో నుంచి కృష్ణగిరి విడిపోయింది. అన్నదమ్ముల భాగాల వంటివే యివీ.

పెద్దమ్మ వుండేది పాలక్కోడు వైపు వొక పల్లెలో. బస్సు దిగి నడుస్తూవుంటే చెరకు తోటలు, రాగి చేలు, మామిడి తోపులు. వీధి అరుగుల మీద తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. వొకే మనిషి నోట వొకే మాటలో మూడూ వినిపించినా ఆశ్చర్యపోకూడదు.

పెద్దమ్మ గడపలోకి యెదురు వచ్చింది. యేడేళ్ళలో నడుము యింకా వంగిపోయింది. మెడ తిప్పి చూడలేదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. చాలాకాలం కీళ్ళవాతమనే తైలాలు రాశారు, కషాయాలు తాగించారు. మా అక్కచెల్లెళ్ళ పళ్ళమీద గోధుమరంగు చారలు వుంటే చిన్నతనంలో వక్కాకు అలవాటు అన్నారు. పెళ్ళిచూపులలో నవ్వకుండా కూర్చోమని పెద్దలు నేర్పేవారు. వొక సంబంధం ఆ చారల మూలంగానే తప్పిపోయింది. ఆ అక్క యిప్పటికీ ఫొటోలో నోరు మూసుకొనే వుంటుంది.

అది వక్కాకు కాదు, వాతమూ కాదు. నీళ్ళు. యీ సీమ అడుగున వున్న రాతిలో ఫ్లోరిన్ కలిసిన ఖనిజాలు వున్నాయి. అవి కొద్ది కొద్దిగా కరిగి బావి నీళ్ళలోకి దిగుతాయి. లీటరు నీటిలో వొక మిల్లిగ్రాము మించకూడదనీ, వేరే దిక్కు లేనప్పుడు వొకటిన్నర వరకు సహించవచ్చుననీ ప్రభుత్వ ప్రమాణం. అంతకు మించితే ముందు పళ్ళు, తరువాత యెముకలు. యెనిమిదేళ్ళలోపు పిల్లలకు పళ్ళు లోపల తయారయ్యే సమయం గనుక వారికి మరీ ప్రమాదం. యీ జబ్బును మన దేశంలో మొదట గుర్తుపట్టి 1937లో వైద్యపత్రికలో రాసినది మన తెలుగువారి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. నల్లగొండ పేరైతే యీ జబ్బుతో ముడిపడిపోయింది. పటికా సున్నమూ వేసి నీటిని శుభ్రపరచే పద్ధతికి కూడా నల్లగొండ పద్ధతి అనే పేరు.

ధర్మపురికి మందు కావేరి రూపంలో వచ్చింది. హొగెనక్కల్ దగ్గర నది నీటిని యెత్తి, శుద్ధిచేసి, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల వూళ్ళకు పంపే పథకానికి 2008లో శంకుస్థాపన జరిగింది. జపాను వారు అప్పు యిచ్చారు. 2013లో నీళ్ళు వచ్చాయి. పెద్దమ్మ వీధిలోనూ కుళాయి వుంది. పెరట్లో పాత బోరు కూడా వుంది. తాగేది కుళాయి నీళ్ళే అని పెద్దమ్మ మాకు చెప్పింది. ఆ మాటలో ఒక మెలిక వున్నట్టు మరునాడు గాని తెలియలేదు.

మరునాడు సాయంత్రం గానుగ దగ్గరకు వెళ్ళాము. పొంగలికి బెల్లం కావాలి గనుక ఆ నాలుగు రోజులూ పొయ్యి ఆరదు. వెడల్పాటి యినుప పెనం, కింద చెరకుపిప్పి మంట. రసం కాగుతూవుంటే పైకి తేలిన మడ్డిని వొక ముసలాయన జల్లిగరిటెతో తీసి పక్కన పోస్తున్నాడు. ఆవిరి కళ్ళు కనబడనివ్వదు. మరొకతను తెడ్డుతో అడుగు నుంచి కలుపుతూనే వున్నాడు. అయినా పెనం అంచుల వెంట నల్లటి మాడు కట్టింది. పాప అక్కడి నుంచి కదలనంది.

మాతో మా మేనల్లుడు కూడా వున్నాడు. పెద్దమ్మకు కూతురు కొడుకు. రసాయన శాస్త్రంలో పై చదువు చదివి వొక కళాశాలలో పాఠాలు చెబుతున్నాడు. యేమి చదివావురా అని మేము యెప్పుడు అడిగినా "ఉప్పులు, మామా" అనేవాడు. ఆ రోజు పెనం వైపు చూపించి, "మామా, నేను నాలుగేళ్ళు చదివినదంతా యిందులో వుంది" అన్నాడు. పెద్దమ్మ కోసం నులకమంచం తెచ్చి వేశారు. అందరం కూర్చున్నాము. అతను చెప్పినది మాకు అర్థమైనంత మేరకు రాస్తున్నాము. శాస్త్రం తెలిసిన చదువరులు తప్పులుంటే మన్నించాలి.

మామూలు అణు రియాక్టరులో యురేనియం గట్టి బిళ్ళలుగా లోహపు గొట్టాలలో మూసి వుంటుంది. యురేనియం పరమాణువు పగిలితే వేడి పుడుతుంది. రెండు ముక్కలు మిగులుతాయి. ఆ ముక్కలు వొక్క రకం కావు. జెనాన్, క్రిప్టాన్, సీసియం, స్ట్రాన్షియం, అయోడిన్, మాలిబ్డినం, టెల్లూరియం, యింకా యెన్నో. గట్టి బిళ్ళలో అయితే అవి చాలావరకు పుట్టినచోటనే చిక్కుకొని వుంటాయి. కాని యురేనియాన్నే ఫ్లోరైడు ఉప్పుగా చేసి, లిథియం, బెరిలియం ఫ్లోరైడులతో కలిపి, కరిగించి ద్రవంగా తిప్పితే? గొట్టం లేదు, బిళ్ళ లేదు. పుట్టిన ప్రతి ముక్కా తన స్వభావం కొద్దీ తన దారి చూసుకుంటుంది.

యిది వూహ కాదు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో ఓక్ రిడ్జ్ అనేచోట అటువంటి రియాక్టరు కట్టారు. 1965 జూన్ 1న అందులో మొదటిసారి చర్య నిలదొక్కుకుంది. 1969 డిసెంబరు 12న ఆపేశారు. సుమారు 650 డిగ్రీల వేడిలో ఉప్పు గ్రాఫైటు దిమ్మెల సందుల్లో ప్రవహించేది. అది విద్యుత్తు తీయడానికి కట్టినది కాదు. యెనిమిది మెగావాట్లలోపు వేడి మాత్రమే. అసలు పని ఆ ముక్కలు యెటు పోతాయో చూడడం. చూసినదంతా 1975లో వొక నివేదికగా అచ్చువేశారు.

"మడ్డి చూశారా మామా? జెనాన్, క్రిప్టాన్ అటువంటివి. ఉప్పులో కరగవు" అన్నాడు. పంపు దగ్గర ఉప్పును చిమ్మేటట్లు చేసి, హీలియం వాయువుతో వాటిని తోలి, బొగ్గు నింపిన గొట్టాలలోకి పంపేవారట. తొమ్మిది గంటలకు సగమయ్యే జెనాన్ వొకటి న్యూట్రాన్లను విపరీతంగా మింగి మంటను ఆర్పివేయ చూస్తుంది. గట్టి ఇంధనంలో దాన్ని భరించవలసిందే. ఉప్పులోనైతే చాలా భాగం తీసివేయవచ్చు.

రసంలోనే కరిగి అచ్చులోకి వచ్చేవి రెండో రకం. సీసియం, స్ట్రాన్షియం, బేరియం, లాంథనం జాతి లోహాలు ఫ్లోరిన్‌తో గట్టిగా ముడిపడి ఉప్పులో ఉప్పై కూర్చుంటాయి. అయోడిన్ కూడా చాలావరకు ఉప్పులోనే వుంటుంది. పాత్ర పగిలినా గాలిలోకి తేలికగా లేవవు. యీ రియాక్టరును మెచ్చుకొనేవారు ముందుగా చెప్పే గుణం యిదే. యింకొక గుణం కూడా వుంది: లోపల గొప్ప వొత్తిడి లేదు; అడుగున ఉప్పునే గడ్డకట్టించి మూసిన బిరడా కరిగితే ద్రవమంతా కింది తొట్లలోకి దిగిపోయి చల్లారుతుంది.

మూడోది మాడు. మాలిబ్డినం, రుథీనియం, టెక్నీషియం, టెల్లూరియం వంటివి ఫ్లోరిన్‌తో పొత్తు కుదుర్చుకోవు. అందుకని లోహపు గోడలకూ, గ్రాఫైటుకూ అంటుకుంటాయి. కొన్ని సన్నని పొగమంచులాగా వాయువు వెంట పోతాయి. ఉప్పంతా దింపేసినా యివి పెనానికే వుంటాయి, వేడి పుట్టిస్తూనే వుంటాయి. అన్నిటికంటె తుంటరిది టెల్లూరియం. అది లోహపు రేణువుల సందుల్లోకి చొరబడి పై పొరలో సన్నని పగుళ్ళు తెచ్చింది. లోహంలో కాస్త నియోబియం చేర్చి, ఉప్పు పాకం సరిగా వుంచితే యీ పగుళ్ళు తగ్గుతాయని తరువాత కనిపెట్టారు.

"ఉప్పుకు పాకమేమిటిరా?" అంది పెద్దమ్మ.

వుంది. ఫ్లోరిన్ కాస్త యెక్కువైతే లోహాన్ని తినేస్తుంది. తక్కువైతే యింకొక చిక్కు. నీళ్ళలో చుక్క వేసి వుండ కడుతుందా అని బెల్లం వాళ్ళు చూసినట్లే, వాళ్ళు నియోబియం యెక్కడ వుందో చూసేవారు. పాకం సరిగా వుంటే అది ఉప్పును వదిలి గోడకు పోతుంది. పాకం చెడితే తిరిగి ఉప్పులో కనబడుతుంది. అప్పుడు బెరిలియం కడ్డీని ముంచి సరిచేసేవారు. యీ మాట విని, తెడ్డు తిప్పే అతను వొక్క క్షణం ఆగి మా వైపు చూసి నవ్వాడు. తన పనిని అమెరికావారు కూడా చేశారని అతనికి అర్థమైనట్లుంది.

మాకు నచ్చినది మరొక విషయం. జెనాన్‌లో వొక రకం నాలుగు నిమిషాలలోపే సగం సీసియంగా మారుతుంది. వాయువుగా బయటికి వెళ్ళిన తల్లి దారిలో సీసియం అనే కూతుర్ని కంటుంది. శాస్త్రజ్ఞులు కూడా కూతురనే అంటారట. అందుచేత ఉప్పులో వుండవలసిన సీసియం గొట్టాల్లో, బొగ్గులో, గ్రాఫైటు లోపల దొరుకుతుంది. పుట్టింటి పేరు చూసి వెతికితే దొరకదు. జమ వొక ఖాతాలో, ఖర్చు వొక ఖాతాలో. మాడు లోహాల లెక్క అయితే చివరిదాకా సరిగా కుదరనే లేదు. పుట్టినది యింత అని తెలుసు. గోడమీద యింత, గ్రాఫైటులో యింత, వాయువులో యింత అని కూడితే మొత్తం రాదు. యిరవై రెండేళ్ళుగా పద్దులు కూడుతున్న మాకు ఆ మనుషుల అవస్థ యిట్టే తెలిసింది.

అప్పుడు పెద్దమ్మ అడిగింది: "ఫ్లోరైడు ఫ్లోరైడు అంటున్నావు. నా నడుము తిన్నది అదేనా?"

మేనల్లుడు వెంటనే జవాబు చెప్పలేదు. "అదే అవ్వా. జాతి వొకటే. అక్కడ అది వుందని తెలిసి, మూతపెట్టి, కొలుస్తూ వుంటారు. నీ బావిలో వుందని యెవరికీ తెలియలేదు" అన్నాడు.

"సరే, పొయ్యి ఆర్పేశాక పెనం యెవరు కడిగారు?"

అందరం నవ్వాము. అతను నవ్వలేదు. 1969లో ఆపిన తరువాత ఉప్పును తొట్లలోకి దింపి గడ్డకట్టనిచ్చారు. చల్లని ఉప్పులో కిరణాల దెబ్బకు ఫ్లోరిన్ విడిపోతుందని వాళ్ళకు తెలుసు. అందుకే చాలా యేళ్ళు యేటేటా కాస్త వేడిచేసి దాన్ని తిరిగి ఉప్పులో కలిసేటట్లు చూశారు. అయినా కొంత ఫ్లోరిన్ తప్పించుకొని, యురేనియాన్ని పట్టుకొని, యురేనియం హెక్సాఫ్లోరైడు అనే ఆవిరి అయ్యే పదార్థంగా మారి, గొట్టాల వెంట నడిచిపోయింది. 1994లో చూస్తే బొగ్గు తొట్టిలో రెండున్నర కిలోల పైచిలుకు యురేనియం కూర్చుని వుంది. పాతికేళ్ళ కిందట మూసిన ఖాతా! దాన్ని జాగ్రత్తగా తీయడానికి సంవత్సరాలు పట్టింది. ఉప్పులోని యురేనియాన్ని 2008 నాటికి గాని తీయలేకపోయారు.

"మరి మళ్ళీ యెందుకు పొయ్యి పెడుతున్నారు?" అని మా యింటావిడ అడిగింది. చైనావారు గాన్సు రాష్ట్రంలో రెండు మెగావాట్ల వేడినిచ్చే అటువంటి రియాక్టరును 2023 అక్టోబరులో రాజేశారు. మనకు కన్యాకుమారి జిల్లా మణవాళక్కురిచ్చి యిసుకలో థోరియం వుంది. దాన్ని యురేనియం-233గా మార్చి వాడుకోవడానికి కరిగిన ఉప్పు అనువైనదని మన బొంబాయి భాభా కేంద్రంవారు నమూనాలు గీశారు. కల్పాక్కంలో 1996లో మొదలైన కామిని అనే 30 కిలోవాట్ల చిన్న రియాక్టరు ఆ యురేనియం-233తోనే నడిచింది. అక్కడే, కాలిన లోహ ఇంధనాన్ని లిథియం, పొటాషియం క్లోరైడుల కరిగిన ఉప్పులో వేసి విద్యుత్తుతో శుద్ధిచేసే పరిశోధన కూడా జరిగింది. అందులోనూ యిదే వరస: సీసియం, స్ట్రాన్షియం ఉప్పులోకి, మొండి లోహాలు బుట్టలోనే. "మంచిదే అవ్వా, కాని పెనం కడిగే సంగతి ముందే రాసుకోవాలి" అన్నాడు మేనల్లుడు.

పెద్దమ్మ చాలాసేపు పెనం వైపే చూసింది. తరువాత మెల్లగా, "ఒరే, బోరు నీళ్ళు బాగా మరిగిస్తే యీ ఫ్లోరైడు ఆవిరై పోతుందా?" అంది.

ఆ మెలిక అప్పుడు విడిపోయింది. తాగేది కుళాయి నీళ్ళే. రాగి సంగటికీ, పులుసుకూ మాత్రం నలభై యేళ్ళ అలవాటు కొద్దీ బోరు నీళ్ళే. కుళాయి నీళ్ళకు రుచి లేదట. యెలాగూ మరిగిపోతున్నాయి కదా అని ధైర్యం. మేనల్లుడు తెచ్చిన పరీక్ష పెట్టెలో ఆ బోరు నీళ్ళు ఉదయమే మూడు మిల్లిగ్రాముల పైన చూపించాయి. యెలా చెప్పాలో తెలియక వూరుకున్నాడు.

"పోదు అవ్వా. పోయేది నీళ్ళే. అది వుండిపోతుంది."

"అంటే కాచేకొద్దీ చిక్కబడేది..." అని ఆగిపోయింది. బెల్లం వండే యింట పుట్టిన మనిషి. మిగతాది యెవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆ రాత్రి సంగటి యెసరు కుళాయి నీళ్ళతోనే పెట్టింది. రుచి తేడా మాకైతే తెలియలేదు. పెద్దమ్మ మాత్రం ఉప్పు తక్కువైందని రెండుసార్లు అంది.

మూడో రోజు పెన్నాగరం మీదుగా హొగెనక్కల్ వెళ్ళాము. ధర్మపురి నుంచి 46 కిలోమీటర్లు. కన్నడంలో హొగె అంటే మన పొగ. కల్ అంటే రాయి. నీరు రాళ్ళమీద పడి పొగలాగా లేస్తుంది. పుట్టి యెక్కాము. పుట్టి నడిపే అతను దాన్ని గిరగిర తిప్పితే పాప కేకలు పెట్టింది, మేమూ పెట్టాము గాని పత్రికలో రాయడం బాగుండదు. వేయించిన చేపల వాసన వొడ్డంతా. పెద్దమ్మ నీళ్ళ దగ్గర రాతిమీద కూర్చుని దోసిలితో తీసుకొని తాగి చూసింది. "యిదేనా మా కుళాయిలో వచ్చేది?" అని అడిగింది. శుద్ధిచేసిన తరువాత వస్తుందని చెప్పాము. "యిక్కడే బాగుంది" అంది.

తిరుగు ప్రయాణం నాడు పొద్దున మేము నోరు తెరవకముందే తానే మాట యెత్తింది. బోరు చేతిపంపు పిడి తీయించి గడ్డివాములో పడేయించిందట. పశువులకు అవసరమైనప్పుడు పాలేరు తగిలించుకొంటాడు. "యిప్పుడైనా పంపుతారా?" అంది. మేమూ మా యింటావిడా ముఖాలు చూసుకొన్నాము. జూన్‌లో బడి తెరిచేటప్పటికి పాపను తీసుకొని వస్తామని మాట యిచ్చాము. మేనల్లుడు మూడు నెలలకొకసారి వచ్చి నీళ్ళు చూస్తానన్నాడు. ఆ తేదీలు గోడ కాలెండరు మీద మా చేత రాయించింది.

బస్సు కోసం నడుస్తూ గానుగ పక్కగా వచ్చాము. పండుగ బెల్లం అయిపోయి పొయ్యి ఆరింది. యిద్దరు మనుషులు పెనంలోకి దిగి యిసుకా కొబ్బరిపీచూ వేసి మాడు రుద్దుతున్నారు. యెంతసేపటి నుంచి అని అడిగితే తెల్లవారుజాము నుంచి అన్నారు. బస్సు వచ్చేసరికి ఇంకా సగం మిగిలే వుంది.